రెండు పీఎస్పీలు ఉంటేనే ఆ ఆట

ప్రశ్న: "పాత పీఎస్పీ (చేతిలో పట్టుకుని ఆడే సోనీ ఆట యంత్రం) ఒకటి దొరికింది. అందులో మాన్‌స్టర్ హంటర్ ఫ్రీడమ్ యునైట్ ఆడమని స్నేహితుడు చెప్పాడు. దాని బలాలు, లోపాలు ఏమిటి? ఇన్నేళ్ల తర్వాత మొదలుపెట్టడం దండగేనా?"

దండగ కాదు. కానీ మీరు "ఒకటి దొరికింది" అన్నారు చూడండి, నాకు అక్కడే బెంగ. పెద్దపెద్ద మృగాల్ని వేటాడే ఆ ఆటకి ఒక పీఎస్పీ చాలదు. రెండోది కావాలి, అది పట్టుకుని పక్కన కూర్చునే మనిషి కావాలి. ఒంటరిగా ఆడి "కష్టం, విసుగు" అని తీర్పు చెప్పేవాళ్ల మాట నేను అస్సలు ఒప్పుకోను.

మాది ఉద్దానం, సోంపేట దగ్గర పల్లె. నేనూ, మా మావయ్య కొడుకూ విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో చెరో పీఎస్పీ, చెరో డిస్కు కొన్నాం. ఒకే డిస్కుతో ఇద్దరు ఆడటం కుదరదు. అప్పటికే జపాన్‌లో ఆ ఆట వచ్చి (2008లో) చాలా ఏళ్లయింది, పీఎస్పీ తయారీ కూడా ఆగిపోయింది. బావ నాకంటే మూడేళ్లు పెద్ద.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గాలి హోరు గురించి ఇక్కడ రాయలేను, ఉద్దానంలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడున్నాయి. జీడితోటలో నిలబడ్డ చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. కరెంటు స్తంభాలు విరిగాయి, ఫోన్లలో సిగ్నల్ లేదు. మా ఊరికి కరెంటు రావడానికి పదిహేను రోజుల పైనే పట్టింది.

పగలంతా దారికి అడ్డం పడ్డ చెట్లు నరకడమే పని. బావ గొడ్డలి పట్టేవాడు. కాసేపు కొట్టాక ఆగి, సానరాయి మీద నూరి, వేలితో పదును చూసి మళ్లీ మొదలెట్టేవాడు. ఈ ఆటలో వేట కూడా సరిగ్గా అలాగే సాగుతుంది. కొట్టేకొద్దీ కత్తి పదును తగ్గుతుంది. పదును పోయాక కొడితే మృగం చర్మం మీద కత్తి టంగుమని వెనక్కి తుళ్లుతుంది. అప్పుడు పక్కకి పరుగెత్తి, సానరాయి తీసి నూరుకోవాలి. నూరుతుండగా మృగం మీదికొస్తే అంతే. బావకి ఇంగ్లీషు పెద్దగా రాదు, అయినా ఈ ఆట అతనికి నాకంటే ముందు అర్థమైంది. ఎందుకో ఆ గొడ్డలి చూశాకే నాకు తెలిసింది.

మూడో రోజు రాత్రి చెప్తాను. ఊళ్లో ఒకాయన జనరేటర్ పెట్టి ఫోనుకి ఇరవై రూపాయల చొప్పున చార్జింగ్ చేసిచ్చేవాడు. మేం ఆ వరసలో మా పీఎస్పీలు కూడా పెట్టాం. అత్త చాలా కోప్పడింది: "ఇంటి మీద పెంకు లేదు, మీకు ఆటలేటిరా!" నిజమే. కానీ మూడు రోజులుగా ఎవరి మొహం చూసినా ఏడుపే. రాత్రి మేం డాబా మీద కూర్చుంటే వీధిలో పిల్ల గుంటలంతా మా భుజాల మీదుగా తొంగిచూసేవాళ్లు. చుట్టూ చీకటి, రెండు చిన్న తెరల వెలుగు.

ఆ రోజు మంచుకొండలో టైగ్రెక్స్ అనే మృగం వేట. ఆట మొదట్లోనే వేటగాణ్ని కొండ మీంచి పడేసేది అదే, కాబట్టి మాకు దానిమీద పాత కక్ష ఉంది. బావది పెద్ద సుత్తి, నాది పొడవాటి కత్తి. సుత్తితో తలమీద పదేపదే కొడితే మృగం తల తిరిగి పడిపోతుంది. నా కత్తి మాత్రం మృగంతో పాటు బావకీ తగిలేది, అతను తూలి పడేవాడు. "ఒరే, కాళ్ల దగ్గరే ఉండు, తల నాకొగ్గేయ్" అని అరిచేవాడు. వేటకి 50 నిమిషాల గడువు. ఇద్దరికీ కలిపి మూడుసార్లు పడిపోతే వేట పోయినట్టే. అప్పటికే నేనొకసారి, బావ ఒకసారి పడ్డాం.

ఈ ఆటలో మృగానికి ఎంత ప్రాణం మిగిలిందో చూపే గీత ఉండదు. దాన్ని చూసి మనమే తెలుసుకోవాలి. అలిసిందా, కుంటుతోందా, పారిపోతోందా అని. టైగ్రెక్స్ కుంటుకుంటూ పారిపోయింది. సరిగ్గా అప్పుడే నా పీఎస్పీ పచ్చలైటు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. వేట మధ్యలో సేవ్ చేసే వీలు లేదు, నా వంతు మొత్తం పోయింది.

బావ ఒక్కడే మిగిలాడు. నేను అతని తెర దగ్గర తలపెట్టి, "బావా, మందు తాగకు, మందు తాగకు" అంటున్నాను. ఎందుకంటే మన వేటగాడు ప్రాణం పెంచే మందు తాగాక కండలు చూపిస్తూ ఒక క్షణం నిలబడిపోతాడు, ఆ క్షణంలో ఎంతోమంది చచ్చారు. బావ తాగలేదు. నిద్రపోతున్న టైగ్రెక్స్ కింద ఉచ్చు పెట్టి, మత్తు బాంబులు రెండు విసిరాడు. పట్టుబడింది. డాబా మీద గుంటలు వేసిన కేకకి కింద నుంచి అత్త పైకొచ్చింది. "ఏటయింది?" అని అడిగి, తెర చూసి, అక్కడే కూర్చుంది.

మర్నాడు బావ తన బ్యాటరీ తీసి నా పీఎస్పీలో వేశాడు, నా వేట నేను పూర్తి చేసుకోవాలని. వెనక మూత తీస్తే బ్యాటరీ బయటికొచ్చేస్తుంది. ఇప్పటి ఫోన్లలో ఆ భాగ్యం ఏది? అంతా అతికించేసి, పాడైతే పారేయమంటారు. దీనిమీద నాకు చాలా కోపముంది.

మీరు లోపాలు అడిగారు. పెద్దది కెమెరా. పీఎస్పీకి ఉన్నది ఒకే తిప్పుడు పుల్ల, అది నడవడానికే. కెమెరా తిప్పాలంటే దాని పైనున్న బాణం బటన్లు. రెండూ ఎడమ బొటనవేలికే. అందుకని చూపుడువేలు గోరులా వంచి బటన్ల మీద పెట్టడం నేర్చుకోవాలి, వారం రోజులు వేలు లాగేస్తుంది. ఒక చోటు నుంచి ఇంకో చోటికి వెళ్లిన ప్రతిసారీ లోడింగ్. గనుల్లో తవ్వే గునపాలు విరిగిపోతుంటాయి, మళ్లీ కొనాలి. ఆట ఏదీ సరిగ్గా వివరించదు. గిల్డ్ హాల్ (అందరూ కలిసి వేటకి బయల్దేరే చోటు) వేటల్లో మృగాల బలం ఎక్కువమందిని దృష్టిలో పెట్టుకుని ఉంటుంది, ఒక్కరే వెళ్లినా తగ్గదు.

బలం ఒక్కటే చెప్తాను. ఇందులో లెవెల్స్ లేవు. వంద గంటలు ఆడినా మీ వేటగాడికి తనంతట తానుగా బలం పెరగదు. చంపిన మృగం ఎముకలు, పొలుసులతో కవచం కుట్టించుకోవాలి, మిగతాది మీ చేతి నేర్పు. ఈ రోజుల్లో ఫోన్ ఆటలు డబ్బు కడితే కత్తి ఇస్తున్నాయి. మా పిల్లలు అదే ఆట అనుకుంటున్నారు, బాధేస్తుంది.

నాకు మరిచిపోలేని లోపం ఇంకొకటి. ఇది పక్కపక్కన కూర్చున్న వాళ్లని మాత్రమే కలుపుతుంది. నలుగురి దాకా ఆడొచ్చు, కానీ పీఎస్పీల మధ్య వైర్‌లెస్ అందేంత దూరంలోనే. ఇంటర్నెట్లో కలవాలంటే పీఎస్పీ ఒక్కటే చాలదు. తోట పోయాక బావ మస్కట్ వెళ్లాడు, వెల్డింగ్ పని. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, అందాకా ఇంట్లో కూర్చుంటే ఎలా? మా వైపు ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. అతను వెళ్లాక ఒంటరిగా రెండు మూడుసార్లు పెట్టి చూశాను. గిల్డ్ హాల్ బల్ల దగ్గర నా వేటగాడొక్కడే కూర్చునుంటాడు. కట్టేశాను.

మీరు రెండో పీఎస్పీ కొనేముందు బ్యాటరీ బయటికి తీసి చూడండి. వెనక మూత ఉబ్బెత్తుగా ఉంటే తీసుకోవద్దు, లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. నాకు ఒక దుకాణంలో కొత్తదని అంటగట్టిన బ్యాటరీ రెండు నెలల్లో అలాగే ఉబ్బింది. ఈ సంక్రాంతికి బావ సెలవు మీద వస్తున్నాడు. ఈసారి నాలుగు బ్యాటరీలు తెప్పించాను, ఆట సేవ్ అయి ఉన్న తన మెమరీ స్టిక్ జాగ్రత్తగా తెమ్మని మెసేజ్ పెట్టాను.