అమెరికాలో తల్లిదండ్రులు జాతి గురించి పిల్లలకు ఏం నేర్పుతారు?

ఎక్కువగా తమ అనుభవాన్ని బట్టే నేర్పుతారు. కొడుకు కారు నడిపే వయసుకొస్తే నల్లజాతి తల్లిదండ్రులు చాలామంది, పోలీసులు అనుమానంతో కాల్చేస్తారేమోనన్న భయంతో, కూర్చోబెట్టి చెబుతారు: పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచు, లైసెన్స్ తీసేముందు చెప్పి తియ్యి. చాలా తెల్లవాళ్ల ఇళ్లలో "రంగుతో పనేముంది, అందరూ ఒకటే" అని మాట దాటేస్తారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ 3 నెలల పసివాళ్లే ముఖాల్లో తేడా గమనిస్తారు; పెద్దలు నోరు విప్పకపోతే పిల్లలు సొంత అర్థాలు అల్లుకుంటారు. 1940లలో అమెరికా మనస్తత్వవేత్తలైన క్లార్క్ దంపతులు తెల్లబొమ్మలు, నల్లబొమ్మలు చూపిస్తే నల్లజాతి పిల్లల్లోనే ఎక్కువమంది తెల్లబొమ్మ మంచిదన్నారు. అక్కడి మన తెలుగువాళ్లేం తక్కువ తినలేదు, "ఎండలో ఆడకు, నల్లబడతావ్" అనడం కూడా పాఠమే కదా!