ఆట మొదలెడితే కంప్యూటర్ ఆగిపోతోంది

ప్రశ్న: మామూలు పనికి ఇబ్బంది లేదు. గేమ్ మొదలెట్టిన కాసేపటికి కంప్యూటర్ ఠక్కున ఆగి, దానంతటదే మళ్లీ ఆన్ అవుతోంది. పవర్ సప్లై పోయినట్టేనా?

జవాబు: అనుమానం దానిమీదే, కానీ ముందు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల వేడి చూడండి. అది అదుపులోనే ఉంటే మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) తీయండి. గేమ్ నడుస్తుండగా, సప్లై నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ వెనకవైపు నుంచి నల్ల వైరుకూ పసుపు వైరుకూ మధ్య కొలవండి. 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు ఉండాలి. ఎరుపు వైరుపై 4.75 నుంచి 5.25. సప్లైని విడిగా ఆన్ చేయడానికి ఆకుపచ్చ వైరును నల్లదానికి కలిపి, ఫ్యాన్ తిరిగిందని సంబరపడేవాళ్లున్నారు. లోడు (కరెంటు వాడకం) లేనప్పుడు ముసలి సప్లై కూడా బాగానే కనిపిస్తుంది. లోపల విద్యుత్తును నిలవ ఉంచే కెపాసిటర్లు ఎండితే లోడు పడ్డప్పుడే వోల్టేజీ కుంగుతుంది. మీటర్ క్షణకాలపు కుంగుబాటును పట్టలేదు కాబట్టి, అంకెలు బాగున్నా అనుమానం తీరకపోతే మరో మంచి సప్లై పెట్టి చూడటమే అసలు పరీక్ష.

పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

కొత్త సప్లై, గ్రాఫిక్స్ కార్డు తయారీదారు చెప్పిన వాట్లకు తగ్గకూడదు. మార్చేటప్పుడు పాత మాడ్యులర్ కేబుళ్లు (సప్లై నుంచి ఊడదీయగలిగేవి) వాడకండి: ప్లగ్ సరిగ్గానే దిగుతుంది, కానీ సప్లై వైపు పిన్నుల వరస వేరైతే హార్డ్ డిస్కులు కాలిపోతాయి. ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్నుల కనెక్టర్ మరిచిపోతే కంప్యూటర్ లేవదు.