బోటు బ్యాటరీ కేబుల్‌కి లగ్‌లు నొక్కడానికి ఏ క్రింపింగ్ టూల్ కొనాలి?

"మా నాన్న బోటుకి ఈ వేట నిషేధంలో బ్యాటరీ కేబుళ్లు మార్చాలి. 24 వోల్టుల స్టార్టర్, 70 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) కేబుల్. సుత్తితో కొట్టే క్రింపర్ చాలా, హైడ్రాలిక్ కొనాలా?" అని అడిగారు. హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో నొక్కేది) కొనండి, ఆరు పలకల డైలు ఉన్నది. లగ్ అంటే కేబుల్ చివర తొడిగే, బోల్టు రంధ్రం ఉన్న లోహపు ముక్క; డై అంటే దాన్ని పట్టి నొక్కే అచ్చు. అయితే టూల్ మంచిదైనంత మాత్రాన జాయింటు మంచిదైపోదు. నేను అది డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల వైరింగ్ పని నాది. మొదట్లో నాకు ఏ క్రింపింగ్ టూలూ లేదు. లగ్‌ని గ్యాస్ టార్చ్‌తో కాల్చి, లోపల సీసం (సోల్డర్) కరిగించి, కేబుల్ ముంచేసేవాణ్ణి. చూడ్డానికి వెండి కడ్డీలా మెరిసేది, ఓనర్లు కూడా మెచ్చుకునేవారు. ఒకసారి నేను వైరింగ్ చేసిన బోటు వేటకెళ్లిన రెండో రాత్రి ఇంజన్ ఆపారు, మళ్లీ స్టార్ట్ కాలేదు. వేరే బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. ఆ ట్రిప్పు డీజిలు, ఐసు ఖర్చు గురించి ఓనరు నాతో ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

కేబుల్ విప్పి చూస్తే సీసం చెక్కు చెదరలేదు. అది ఆగిపోయిన చోట, లగ్‌కి వేలెడు దూరంలో, పోగులు పుటుక్కున తెగి ఉన్నాయి. కరిగిన సీసం వత్తిలో నూనె ఎక్కినట్టు పోగుల్లోకి ఎక్కుతుంది. ఎక్కినంత మేర కేబుల్ కడ్డీలా బిగుసుకుపోతుంది, ఆ తర్వాత మెత్తగానే ఉంటుంది. ఇంజన్ అదురుడంతా ఆ రెంటి మధ్య గీత మీదే పడుతుంది. ఆ రోజు నుంచి పెద్ద కేబుల్‌కి సీసం ముట్టలేదు.

తర్వాత సుత్తి క్రింపర్ కొన్నాను. చౌక, పాడయ్యేదేమీ లేదు. గట్టి నేల మీద, మందపాటి లగ్‌కి, ఒకే దెబ్బ సూటిగా పడితే పరవాలేదు. ఊగే డెక్ మీద సూటి దెబ్బ ఎక్కడ పడుతుంది? గుంట ఒక పక్కకి పోతుంది, రెండో పక్క పోగులు వదులుగానే ఉంటాయి. సముద్రంలో అవసరపడితే అక్కరకొస్తుందని ఇప్పటికీ ఒకటి పెట్టెలో ఉంచుకుంటాను, అంతే. పొడవాటి పిడుల మెకానికల్ టూల్ నిజానికి మంచిది, ఆయిల్ లీకయ్యే బాధ లేదు. కానీ 70 స్క్వేర్‌కి బాగా బలం పెట్టాలి, ఇంజన్ రూమ్‌లో ఆ పిడులు చాచే చోటే ఉండదు.

హైడ్రాలిక్‌లో 70 వరకే నొక్కేది వద్దు, 120 వరకు నొక్కేది తీసుకోండి. మీ సైజు టూల్‌కి ఆఖరి సైజు కాకూడదు. పని అయ్యాక వాల్వ్ వదిలేసి రామ్‌ని (డైని తోసే కడ్డీని) లోపలికి పంపి, తుడిచి పెట్టండి. ఉప్పు గాలికి రామ్ తుప్పు పడితే సీలు కోసుకుపోతుంది.

అసలు చిక్కు డైల దగ్గర. డై మీద 70 అని ఉంటుంది, లగ్ మీద 70 అని ఉంటుంది, రెండూ కలవవు. లగ్ గోడ మందం కంపెనీని బట్టి మారుతుంది. ఒక షాపు లగ్ నొక్కితే రెండు పక్కలా రెక్కలు పొడుచుకొచ్చాయి, అంటే డై చిన్నదైంది. ఇంకో షాపు పల్చటి లగ్‌కి అదే డై పూర్తిగా మూసుకుంది, కానీ చేత్తో లాగితే కేబుల్ ఊడొచ్చింది! అందుకే లగ్‌లు, కేబుల్ కొన్నాక ముందు ఒక్కటి నొక్కి, హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని ఆకురాయితో నున్నగా చేసి చూడండి. పోగులన్నీ తేనెపట్టు గదుల్లా ఒత్తుకుని, మధ్యలో నల్లటి ఖాళీలు లేకుండా ఉండాలి. ఒక లగ్ పోతుంది, పోనివ్వండి. కొన్ని డైల మీద అంకె అమెరికన్ గేజ్‌లో ఉంటుంది. అందులో 2/0 అంటే దాదాపు 67 స్క్వేర్.

షాపులో "థింబుల్ ఇవ్వండి" అంటే (లగ్‌కి షాపుల్లో పేరు అదే) అల్యూమినియంది చేతిలో పెట్టేస్తారు. రాగి కేబుల్‌కి అది వేస్తే ఉప్పు తేమలో అల్యూమినియం తినేసుకుపోతుంది. తగరం పూత ఉన్న రాగి లగ్ అని అడగండి. కేబుల్ కూడా రాగి పూసిన అల్యూమినియం కాకూడదు: ఒక పోగుని చాకుతో గీకండి, లోపల తెల్లగా ఉంటే తిరిగిచ్చేయండి. సన్నపోగుల మెత్తటి కేబుల్ అదే సైజులో కాస్త లావుగా ఉంటుంది, లగ్‌లో దూరకపోతే చాలామంది కొన్ని పోగులు కత్తిరించేస్తారు. అలా చేయకండి, సన్నపోగుల కేబుల్‌కి సరిపడే లగ్ తీసుకోండి.

నొక్కడం డెక్ మీదో గట్టు మీదో పెట్టుకోండి. రెండో చివర నొక్కే ముందు లగ్ ఏ వైపు తిరిగి కూర్చోవాలో స్టార్టర్ దగ్గర పెట్టి చూసి, కేబుల్ మీద మార్కర్‌తో గీత గీయండి. 70 స్క్వేర్ కేబుల్‌ని తర్వాత మెలితిప్పడం మన వల్ల కాదు. ఒక్కో లగ్‌కి రెండు నొక్కులు, మొదటిది బోల్టు రంధ్రం వైపు. పైన లోపల గమ్ ఉన్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) వేయండి. గమ్ లేనిదైతే తేమ లోపలికి పోయి ఏడాది తిరక్కుండా పచ్చటి చిలుము పడుతుంది.

ఆఖర్న మీటరు పెట్టి చూడండి. స్టార్టర్ 250 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, జాయింటులో ఒక్క మిల్లీఓమ్ ఉన్నా పావు వోల్టు పోతుంది, 62 వాట్ల వేడి పుడుతుంది. అంటే లగ్‌లో ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. మీటరుని డీసీ వోల్టుల్లో ఉంచి, ఒక పిన్ను కేబుల్ పోగులకి, ఇంకోటి లగ్ చదును భాగానికి ఆనించి, ఇంకొకరిని స్టార్టర్ తిప్పమనండి. హీట్ ష్రింక్ వేయకముందే ఇది చూసుకోవాలి. నేనైతే 0.05 వోల్టు దాటితే ఆ లగ్ కోసేసి మళ్లీ వేస్తాను. అందుకే కేబుల్ కొనేటప్పుడు అర మీటరు ఎక్కువే కొంటాను.