4 జీబీ దగ్గర ఆగిపోవడానికి కారణం పెన్‌డ్రైవ్ ఫార్మాట్

నమస్కారమండీ. ఐదు భాగాల ఆర్కైవ్‌ను (కుదించిన ఫైలును) 7-జిప్ అనే ప్రోగ్రామ్‌తో విప్పుతుంటే పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దగ్గర ఆగిపోతోందని, మరోసారి మూడో భాగంలో సీఆర్‌సీ లోపం (ఫైలులోని డేటా చెడిందనే హెచ్చరిక) చూపిందని రాశారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు. దయచేసి అన్నీ మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి, డేటా వృథా అవుతుంది.

మొదటిది: మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. అందులో ఎంత ఖాళీ ఉన్నా ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. డ్రైవ్‌పై కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో చూడండి. అదే అయితే, 4 జీబీ దాటిన ఫైళ్లనూ తీసుకునే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే అందులోనివన్నీ పోతాయి కాబట్టి ఫొటోలు, పత్రాలు ముందే వేరేచోట దాచుకోండి. ఈ జాగ్రత్త మాత్రం మరవకండి.

రెండోది: భాగాల సైజులను బైట్లలో పోల్చండి. సాధారణంగా చివరిది తప్ప మిగతావన్నీ సమానంగా ఉంటాయి. మూడోది తక్కువగా ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగినట్టే. సైజు సరిపోయినా లోపల చెడి ఉండవచ్చు. డౌన్‌లోడ్ పేజీలో ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలు మారకుండా వచ్చిందో లేదో పోల్చి చూసే సంకేతం) ఇచ్చి ఉంటే, 7-జిప్ కుడి క్లిక్ మెనూలోని సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏతో సరిచూడండి. తేడా వస్తే పాత మూడో భాగాన్ని తొలగించి, అదొక్కటే తిరిగి తెచ్చుకోండి. పాతది ఉండగా తెస్తే బ్రౌజర్ పేరు చివర (1) చేరుస్తుంది, అప్పుడు 7-జిప్ దాన్ని గుర్తించదు.

అయిదూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, మొదటి భాగాన్ని మాత్రమే తెరవండి. అప్పటికీ లోపం వస్తే ఆ సందేశం ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి, చూస్తాను.