అందరూ ‘చాలా బాగుంది’ అంటున్నారు, ఏం మార్చాలి?

ప్రశ్న: ఉద్యోగులకు రెండు రోజుల శిక్షణ ఇస్తుంటాం. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే దాదాపు అందరూ అయిదుకి నాలుగో అయిదో వేసి ‘చాలా బాగుంది’ అని రాసి వెళ్లిపోతున్నారు. కోర్సులో ఏం మార్చాలో తెలియడం లేదు.

జవాబు: శిక్షణ ఫలితాలను ఎలా కొలవాలో అధ్యయనం చేసిన అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్లలో చూడమన్నారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకు ఫలితం కనిపించిందా. మీ ఫారం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. నచ్చినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదు.

ముందు అంకెలు తీసేయండి. ఒకరి నాలుగు మరొకరికి మూడుతో సమానం, సగటు 4.2 వచ్చినా దాన్నిబట్టి మీరు చేయగలిగేదేమీ లేదు. కోర్సులో నేర్పిన ఒక్కో పని పేరు రాసి, ఈ నాలుగింటిలో ఒకటి ఎంచుకోమనండి: ‘ఇంకా అర్థం కాలేదు’, ‘అర్థమైంది, చేయడం రాదు’, ‘పక్కన ఎవరైనా ఉంటే చేస్తాను’, ‘సొంతంగా చేస్తాను’. మొదటిది ఎక్కువగా వస్తే వివరించే పద్ధతి మార్చాలి. రెండోది, మూడోది ఎక్కువైతే ఉపన్యాసం తగ్గించి సాధనకు సమయం పెంచాలి.

‘ట్రైనర్ స్పష్టంగా, ఆసక్తికరంగా చెప్పారా?’ అనేది రెండు ప్రశ్నల కలగలుపు, విడదీయండి. ‘సూచనలేమైనా ఉన్నాయా?’ అంటే ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ‘ఎక్కడ అర్థం కాకుండా పోయింది?’, ‘ఒక అంశం తీసేయాల్సి వస్తే ఏది తీసేస్తారు?’ అని అడిగితే రాస్తారు.

వేళ కూడా ముఖ్యం. అందరూ బయల్దేరే హడావుడిలో కాకుండా, ఆఖరి అంశానికి ముందే పది నిమిషాలు కేటాయించండి. ఆ సేపు ట్రైనర్ గదిలో ఉండకూడదు. పేరు అడగొద్దు, చిన్న బృందమైతే విభాగం కూడా వద్దు, ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. మొదటి రోజు సాయంత్రమే ‘ఇవాళ అర్థం కానిది ఏది?’ అని చిన్న చీటీ తీసుకుంటే మర్నాడు వాళ్లకే సరిదిద్ది చెప్పొచ్చు. మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ చీటీయే.

నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత మళ్లీ అడగండి: ఏది వాడారు, ఏది వాడలేదు, ఏం అడ్డొచ్చింది? పరికరం లేకపోవడమో పైఅధికారి ఒప్పుకోకపోవడమో అడ్డయితే, పాఠం ఎంత మార్చినా ప్రయోజనం ఉండదు.

ప్రశ్న: తర్వాత పంపే ఫారాలకు జవాబులు రావు కదా?

జవాబు: మూడు ప్రశ్నలకు మించొద్దు. ఫారం వస్తుందని కోర్సులోనే చెప్పండి. గత బృందం మాటవల్ల ఏం మారిందో ఫారం పైభాగంలోనే ఒక వాక్యం రాయండి. అయినా రాకపోతే అయిదారుగురికి ఫోన్ చేయండి, బాగా నేర్చుకున్నవాళ్లకే కాదు, తడబడినవాళ్లకూ. జవాబివ్వనివాళ్లను తృప్తిపడినవాళ్ల లెక్కలో వేయకండి.