ఆ ఆరు లక్షలు చెరువులో పోయొద్దు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది పాలకొల్లు వైపు పల్లె. రాష్ట్ర రంజీ జట్టులో ఫాస్ట్ బౌలర్‌ని, ఇది రెండో సీజన్. ఈసారి ఐదు మ్యాచులు ఆడాను, రెండింటికి రిజర్వులో ఉన్నాను. మొత్తం 9,60,000 ఫీజు, టీడీఎస్ పన్ను పోగా మిగిలింది చేతికందింది. బ్యాంకులో 6,20,000 ఉంది. మా బావగారు రొయ్యల చెరువు లీజుకు తీసుకుందామంటున్నారు. నా ఆరు లక్షలకు ఇంకో పది లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కలిపితే రెండు పంటల్లో అప్పు తీరిపోతుందట. ఆయన యాభై వేలు బయానా కూడా ఇచ్చేశారు. నాన్న మూడెకరాలు కౌలుకు చేస్తారు, మిగిలేది తక్కువ. ఇంటి ఖర్చు నెలకు 30,000 నేనే చూస్తున్నాను. ఇన్సూరెన్సులేమీ లేవు. చెరువులో పెట్టమంటారా, కారు కొనుక్కోమంటారా, మ్యూచువల్ ఫండ్‌లో సిప్ మొదలుపెట్టమంటారా? జనవరి నుంచి నడుం ఎడమ పక్క కాస్త లాగుతోంది, అంతకు మించి ఇబ్బంది లేదు. పేరు వేయొద్దు.

జవాబు: నడుం సంగతి ఉత్తరం చివర ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇంటికొచ్చే ప్రతి రూపాయీ ఆ నడుం మీదే నడుస్తోంది.

మీరు కుడిచేతి బౌలరో కాదో రాయలేదు. అయితే గనక, కుడిచేతి ఫాస్ట్ బౌలర్లకు వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి ఎముకకు వచ్చే సన్న పగులు) ఎక్కువగా వచ్చేది ఎడమ పక్కనే. నేను డాక్టర్ని కాదు. కానీ జనవరి నుంచి లాగుతున్న నడుముకు ఇప్పటిదాకా ఎమ్మారై తీయించలేదంటే, బీటలు వారిన గట్టు చూసి కూడా చెరువులోకి నీళ్లు పెడుతున్నట్టే. ఈ వారంలోనే స్కాన్ తీయించండి. మిగతా లెక్కలన్నీ ఆ రిపోర్టు వచ్చాకే.

ఇప్పుడు ఆ 9,60,000 ఎలాంటి డబ్బో చూద్దాం. ఇరవై లోపు రంజీ మ్యాచులు ఆడినవాళ్లకు 2021లో బోర్డు ఖరారు చేసిన ఫీజు రోజుకు 40,000, రిజర్వులో ఉంటే అందులో సగం. నాలుగు రోజుల మ్యాచుకు 1,60,000. వినడానికి బాగుంది. కానీ అది జీతం కాదు, ఆడిన రోజుకు కూలి. మీరు దాన్ని పన్నెండుతో భాగించి నెలకు ఎనభై వేలు సంపాదిస్తున్నాననుకుంటున్నారు. ఈ పొరపాటు మీ ఒక్కరిదే అయితే పేపర్లో జవాబు రాయను. క్రికెటర్లు, కబడ్డీ ఆడేవాళ్లు, సీజన్ మీద బతికే చాలామంది నా దగ్గరకు ఇదే లెక్కతో వస్తున్నారు.

మీ అసలు లెక్క ఇది. ఇప్పుడు సీజన్ అయిపోయింది. మళ్లీ రంజీ మొదలయ్యేది అక్టోబరులో. అంటే మార్చి నుంచి ఎనిమిది నెలలు ఎలాగూ రాబడి లేదు. అక్టోబరులో మొదటి మ్యాచులోనే నడుం పట్టేస్తే ఆ సీజన్ మొత్తం పోతుంది, ఇంకో పన్నెండు నెలలు. మొత్తం ఇరవై నెలలు. నెలకు ముప్పై వేల చొప్పున ఆరు లక్షలు. మీ బ్యాంకులో ఉన్నది కూడా దాదాపు అంతే. ఆ డబ్బు ఇప్పటికే మీ అమ్మానాన్నల ఇరవై నెలల తిండికీ మందులకూ రాసిపెట్టి ఉంది. పెట్టుబడికి మీ దగ్గర డబ్బే లేదు.

ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమంటాం. ఫాస్ట్ బౌలర్‌కు అది చాలదు. బుమ్రా వెన్ను గాయంతో 2022 సెప్టెంబరు తర్వాత ఆగిపోయి, 2023 మార్చిలో ఆపరేషన్ చేయించుకుని, ఆగస్టులో గానీ తిరిగి రాలేదు. షమీ 2023 నవంబరులో ప్రపంచకప్ ఫైనల్ ఆడాక, మడమ ఆపరేషన్ అయి, మళ్లీ బంతి పట్టింది 2024 నవంబరులో, బెంగాల్ తరఫున రంజీలోనే. కమలేశ్ నాగర్‌కోటిని 2018 వేలంలో కోల్‌కతా జట్టు 3.20 కోట్లకు కొంటే, గాయాల వల్ల మొదటి ఐపీఎల్ మ్యాచ్ ఆడింది 2020లో. బుమ్రా, షమీలకు అప్పట్లో బోర్డు వార్షిక కాంట్రాక్టు ఉంది, ఆడకుండా కూర్చున్నా ఇల్లు గడిచింది. మీ చేతిలో ఏ కాంట్రాక్టూ ఉన్నట్టు రాయలేదు.

ఇక అప్పు మాట. పది లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 20,000, ఏడాదికి 2,40,000. రోజుకు 40,000 చొప్పున చూస్తే మీరు ఆరు రోజులు ఎండలో పరిగెత్తి బంతులు వేసిన కష్టమంతా వడ్డీకే. అసలు అలాగే ఉంటుంది. పైగా ప్రోనోటు మీద సంతకం ఎవరిదో మీరు రాయలేదు, బావగారిది కాదు, మీదే అయ్యుంటుంది. ఈ విషయంలో మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఈ అప్పు చేయొద్దు.

రొయ్యల సాగు తప్పని నేననను. భీమవరం చుట్టూ దాని మీద నిలబడ్డ కుటుంబాలు నాకూ తెలుసు. కానీ వెనామీ రకం రొయ్య పంట మూడు నాలుగు నెలలది. మధ్యలో తెల్లమచ్చ వైరస్ తగిలితే వారంలో చెరువు ఖాళీ. కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్కకు) ధర రేపు ఎంతుంటుందో మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పోయినప్పుడు ఇక్కడి రైతుల గుండెలు ఎలా జారాయో మీరూ చూసే ఉంటారు. నష్టం వస్తే తట్టుకోగల డబ్బుతో చేసేవాళ్లు చేస్తారు. మీ నాన్నగారిని ఒక్కమాట అడగండి: మాసూళ్ల ముందు తుపానొచ్చి చేను పడిపోయిన ఏడాది కౌలు బస్తాలు కొలవకుండా ఊరుకున్నారా? వడ్డీ కూడా అంతే, మీకు గాయమైందని ఆగదు.

కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు మా ఆఫీసుకొచ్చి, టేబుల్ మీద ఎమ్మారై కవరూ ప్రోనోటు జిరాక్సూ పక్కపక్కనే పెట్టాడు. కవరు మీద తేదీకీ నోటు మీద తేదీకీ మధ్య రెండు నెలలే తేడా. వాళ్లమ్మ గొలుసు అప్పటికే తాకట్టులో ఉంది, ఇంకేం అమ్మాలో చెప్పమని వచ్చాడు. అతను మళ్లీ బౌలింగ్ చేయలేదు. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ ఆ రెండు కాగితాలే కళ్లముందు కదిలాయి.

బీమా గురించి. మీకూ, విడిగా అమ్మానాన్నలకూ ఆరోగ్య బీమా వెంటనే కావాలి. వ్యక్తిగత ప్రమాద బీమా కూడా తీసుకోండి, అందులో తాత్కాలిక వైకల్యానికి వారం వారం చెల్లించే క్లాజు ఉండేలా చూసుకోండి. ప్రపోజల్ ఫారంలో వృత్తి దగ్గర ‘వ్యవసాయం’ అని రాసేద్దాం, ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ అంటే ఒప్పుకోవద్దు. ప్రొఫెషనల్ క్రికెటర్ అనే రాయించండి. నడుంనొప్పి కూడా దాచొద్దు. ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు క్లెయిమ్ ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టొచ్చు, పెట్టనివ్వండి, దాచి క్లెయిమ్ పోగొట్టుకోవడం కన్నా మేలు. ఇంకొకటి: ప్రమాదకరమైన ఆటల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొంటే తగిలిన గాయాలకు చెల్లించబోమని పాలసీల్లో ఒక మినహాయింపు ఉంటుంది. అందులో పర్వతారోహణ, మోటార్ రేసింగ్ లాంటివి రాసి ఉంటాయి. క్రికెట్ పేరుండదు గానీ జాబితా అంతటితో ఆగదని కూడా అక్కడే ఉంటుంది. మ్యాచులో తగిలిన గాయానికి వర్తిస్తుందా లేదా అని కంపెనీని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. మీ రాష్ట్ర క్రికెట్ సంఘం తరఫున గ్రూపు బీమా ఏదైనా ఉందేమో, ఉంటే ఎంతకో కూడా కాగితం మీద తీసుకోండి. ‘ఉందిలే’ అన్న నోటిమాట లెక్కలోకి రాదు.

ప్రీమియానికి డబ్బెక్కడిదంటారా? మీ ఫీజులో పది శాతం టీడీఎస్ పట్టి ఉంటారు, అంటే 96,000. వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు మీకు పన్ను పడదు. రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఆలోగా ఆరు లక్షల పైనున్న ఇరవై వేలు స్కానుకూ మొదటి ప్రీమియానికీ వాడండి.

సిప్ వచ్చే సీజన్ డబ్బుతో. కారు ఇప్పుడు వద్దు.

మీరు అడగనిది ఒకటుంది. రైల్వే స్పోర్ట్స్ కోటాలో వయసు పరిమితి 25. మీకు 24. రైల్వేస్‌కు సొంత రంజీ జట్టుంది, ఆట ఆగిపోయినా జీతం ఆగదు. నోటిఫికేషన్ల కోసం ఇవాళ్టి నుంచే చూడండి, మీ మ్యాచ్ సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఈ ఒక్క ఏడాది జారితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

బావగారికి నేరుగా చెప్పండి, డాక్టరు రిపోర్టు వచ్చేదాకా సంతకం పెట్టలేనని. బయానా యాభై వేలు వెనక్కి రాకపోతే వచ్చే సీజన్ ఫీజులోంచి మెల్లగా మీరే ఆయనకు సర్దండి, చుట్టరికం నిలుస్తుంది. ఆరు లక్షలూ ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయండి, ఒకే రసీదుగా కాకుండా లక్ష చొప్పున ఆరు, అవసరమైనప్పుడు ఒకటే తీసుకోవచ్చు. ఎమ్మారై రిపోర్టు చేతికొచ్చాక మళ్లీ రాయండి.