కొన్ని ఇంజన్లు ఆయిల్ ఎక్కువ తాగుతాయెందుకు?
మీ కారుకు తరచూ ఆయిల్ పోయాల్సి వస్తోందని, అదే మోడల్ ఉన్న పక్కింటివాళ్లకు ఆ బాధ లేదని అడిగారు. కొద్దో గొప్పో ప్రతి ఇంజనూ ఆయిల్ కాలుస్తుంది. తేడా ఎక్కువగా పిస్టన్ మీది ఆయిల్ రింగు దగ్గరే వస్తుంది. సిలిండర్ గోడకు అంటిన ఆయిల్‌ను గీకి కిందికి పంపడం దాని పని. ఆయిల్ మార్చకుండా లాగిస్తే మసి పట్టి రింగు బిగుసుకుపోతుంది, ఇక గీకదు.

రెండోది వాల్వ్ సీల్, అంటే వాల్వ్ కాడ వెంట ఆయిల్ లోపలికి జారకుండా ఆపే రబ్బరు ముక్క. ఆ రబ్బరు వేడికి గట్టిపడుతుంది. పెట్రోలు కారైతే మన తిరుమల ఘాట్‌లోనే తెలిసిపోతుంది: గేరులో దిగేటప్పుడు థ్రాటిల్ (ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలోని మూత) మూసుకుని, ఇంజన్ పీల్పు పెరిగి, సీల్ సందుల్లోంచి ఆయిల్‌ను లాగుతుంది. అలిపిరి దగ్గర యాక్సిలరేటర్ తొక్కగానే నీలం పొగ! టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఉంటే అదీ చూపించండి, ఆయిల్ అక్కడా పోవచ్చు. చిక్కటి ఆయిల్ పోయించడం మాత్రం, నన్నడిగితే, రోగం దాచడమే.